అవే 1,200 ఇళ్లు, నాలుగు విడతలు: ప్యానెల్ సర్వే ప్రాజెక్టు డైరీ

అవే ఇళ్లకు ఆరేసి నెలల ఎడంతో నాలుగుసార్లు వెళ్లి పని, ఆదాయం, ఇంట్లో ఎవరెవరున్నారు అనే మూడు సంగతులు అడిగే సర్వే ఇది. మామూలు సర్వేకీ దీనికీ ఉమ్మడిగా ఉండే పనుల జోలికి ఇక్కడ పోవడం లేదు. ప్యానెల్‌కు మాత్రమే ఎదురయ్యే చిక్కులు, వాటికి మార్చిన పద్ధతులు రాస్తున్నాం.

ఒక్కసారి చేసే సర్వేలో జవాబు తప్పు పడితే ఒక సగటు కాస్త అటూఇటూ అవుతుంది. ప్యానెల్‌లో అదే తప్పు మార్పులా కనిపిస్తుంది. ఉద్యోగం పోయినట్టు, ఆదాయం పెరిగినట్టు, ఇంట్లోకి కొత్త మనిషి వచ్చినట్టు లెక్కలోకి ఎక్కుతుంది. నిజంగా జరిగిన మార్పు ఏది, మన పద్ధతి పుట్టించిన మార్పు ఏది అన్నది తేల్చడమే ఈ డైరీలో మొదటినుంచి చివరిదాకా ఉన్న పని.

అంకెల గురించి ఒక మాట. ప్యానెల్ లెక్కలన్నీ పద్ధతి తెలిసేలా వేసిన ఉదాహరణ లెక్కలు, ఎవరి ఫలితాలూ కావు. మీ సర్వే అంకెలు వాటి స్థానంలో పెట్టుకుని మళ్లీ లెక్క కట్టుకోండి.

దశ 1: ఎన్ని ఇళ్లు, ఎంత ఎడం

మార్పు కొలవడానికి ప్యానెల్ ఎందుకు చవకో ముందు లెక్క వేసుకోవాలి. రెండు విడతలకూ వేర్వేరు మనుషులను తీసుకుంటే, రెండు సగటుల తేడాకు వేరియన్స్ (అంకెల చెదురు కొలత) = 2 × ఒక్కరి వేరియన్స్ ÷ మనుషుల సంఖ్య. అవే మనుషులైతే దాన్ని (1 − సహసంబంధం)తో గుణించాలి. సహసంబంధం అంటే రెండు విడతల జవాబులు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే అంకె. ఒక్కరి వేరియన్స్ 1, మనుషులు 1,000, రెండు విడతల జవాబుల మధ్య సహసంబంధం 0.6 అనుకుంటే ప్రామాణిక దోషం (ఆ వేరియన్స్‌కు వర్గమూలం) 0.045 నుంచి 0.028కి దిగుతుంది. వేర్వేరు మనుషులు 1,000 మందితో వచ్చే ఖచ్చితత్వం ప్యానెల్‌లో 400 మందితోనే వస్తుందన్నమాట.

ఇది మార్పుకు మాత్రమే వర్తిస్తుంది. రెండు విడతలూ కలిపి ఒకే సగటు కావాలంటే అదే సహసంబంధం అడ్డం తిరుగుతుంది. ఎందుకంటే రెండో జవాబు కొత్తగా చెప్పేది తక్కువ. సర్వేకు డబ్బిచ్చేవారు రెండూ అడుగుతారు కాబట్టి ముఖ్యమైనది ఏదో మొదటే కాగితం మీద రాసుకోవాలి. ఇక్కడ ముఖ్యం మార్పు.

1. క్లస్టర్లు (దగ్గరదగ్గర ఇళ్ల గుంపులు) 100. ఒక్కోదాంట్లో 15 చిరునామాలు.
2. మొదటి విడతలో 80 శాతం ఒప్పుకుంటారని అంచనా. క్లస్టర్‌కు 12 ఇళ్లు మిగులుతాయి.
3. ఒకే క్లస్టర్‌లో ఇళ్ల మధ్య పోలిక 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (గుంపులుగా ఎంచినందుకు వేరియన్స్ ఎన్ని రెట్లవుతుందో) = 1 + (12 − 1) × 0.05 = 1.55. కాబట్టి 1,200 ఇళ్ల సమర్థ పరిమాణం, అంటే విడివిడిగా ఎంచిన ఎన్ని ఇళ్లతో సమానమో, 774.
4. విడతకూ విడతకూ నిలిచేవారు 88, 94, 96 శాతం. మొదటి ఎడంలోనే ఎక్కువమంది జారిపోతారు. మొహమాటానికి ఒకసారి ఒప్పుకున్నవాళ్లు రెండోసారికి తప్పుకుంటారు కనక అన్ని విడతలకూ ఒకే శాతం వేయకండి.

నడుస్తున్న లెక్క: ఎంపిక 1,500. విడత 1లో 1,200. నాలుగు విడతలూ పూర్తిచేసేవి 953 అని అంచనా. అప్పటికి క్లస్టర్‌కు తొమ్మిదిన్నర ఇళ్లే ఉంటాయి కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ 1.43కి తగ్గుతుంది, సమర్థ పరిమాణం సుమారు 670. ఈ 670తో మీరు కొలవదలచిన మార్పు కనిపిస్తుందా అని చూసుకోవాలి. 1,200తో చూసుకుంటే నాలుగో విడతలో చేతులెత్తేయాల్సి వస్తుంది.

ఎడం ఆరు నెలలు పెట్టడానికి కారణం జ్ఞాపకం. నెలనెలా పని సంగతి అడుగుతున్నప్పుడు ఏడాది వెనక్కి వెళితే చిన్నచిన్న పనులు, మధ్యలో ఖాళీగా ఉన్న వారాలు మరిచిపోతారు. ఎడం తగ్గించే కొద్దీ ఖర్చు, విసుగు రెండూ పెరుగుతాయి. 1968లో మొదలైన అమెరికా ఆదాయ ప్యానెల్ పీఎస్ఐడీ కూడా ఏటా జరిగేది, 1997 తర్వాత రెండేళ్లకోసారి అయింది.

దశ 2: మనిషికి నంబరు

ఎక్కువ సమయం తినేసిన దశ ఇదే. ప్రశ్నావళి ఎంత బాగున్నా, విడత 1లోని మనిషికి విడత 2లో ఇంకొకరి జవాబు తగిలించాక చేయగలిగింది ఏమీ ఉండదు.

మొదటి డిజైన్‌లో ఇంటికి అయిదంకెల నంబరు, మనిషికి జాబితాలో వరుస సంఖ్య ఉండేవి. ట్యాబ్‌లో ప్రతి విడతకూ ఖాళీ జాబితా తెరుచుకునేది, ఇళ్లకు వెళ్లి అడిగే ఎన్యూమరేటర్ మళ్లీ మొదటినుంచి పేర్లు రాసేవారు. ఒక్క ఇల్లు చూడండి.

విడత 1: 01 పురుషుడు 58 ఏళ్లు. 02 స్త్రీ 52. 03 పురుషుడు 27. 04 స్త్రీ 23.
విడత 2: 01 స్త్రీ 52. 02 పురుషుడు 27. 03 స్త్రీ 23. 04 నెలల పాప.

ఇంటి పెద్ద చనిపోయారు, కోడలికి పాప పుట్టింది. జాబితా ఒక్కో మెట్టు పైకి జరిగింది. రెండు ఫైళ్లనూ వరుస సంఖ్యతో కలిపితే 01కి లింగం మారింది, 02 పాతికేళ్లు చిన్నవాడై మగవాడయ్యాడు, 04కి వయసు 23 నుంచి సున్నాకు వచ్చింది. మరణం మాత్రం ఎక్కడా కనిపించదు, ఎందుకంటే 01లో ఎవరో ఒకరు ఉన్నారు.

ఇంత గందరగోళం ఒక రకంగా నయం, తనిఖీలో వెంటనే దొరికిపోతుంది. దొరకనిది అన్నదమ్ముల ఇల్లు. ఒకరికి 31, ఇంకొకరికి 29. రెండో విడతలో ఇంట్లో ఉన్న తమ్ముడి పేరు ముందు రాశారు, అన్న పేరు తర్వాత రాశారు. లింగం సరిపోయింది, వయసులో రెండేళ్ల తేడాను పొరపాటుగా చెప్పారనుకుని వదిలేస్తాం. అన్న జీతం తమ్ముడికి, తమ్ముడి ఖాళీ నెలలు అన్నకు చేరతాయి. ఒక్క ఇంట్లో రెండు బూటకపు ఉద్యోగ మార్పులు, రెండు బూటకపు ఆదాయ మార్పులు పుట్టాయి. ఎవరూ తప్పు చెప్పలేదు.

విడత 2లో దొరికిన 1,056 ఇళ్లలో పెద్దవాళ్ల వరుసలు 2,640. కలిపి చూసినప్పుడు వచ్చిన లెక్క:

లింగం సరిపోనివి: 31
పుట్టిన ఏడాదిలో మూడేళ్లకు మించిన తేడా ఉన్నవి: 142
రెండింటిలోనూ ఉన్నవి: 19
మొత్తం అనుమానపు వరుసలు: 154

154నూ పేరు, బంధుత్వం, ఫోన్ నంబరు పెట్టి ఒక్కొక్కటే చూస్తే 97 చోట్ల జాబితా వరుస మారింది. 45 చోట్ల మనిషి అదే, వయసే ఉజ్జాయింపుగా చెప్పారు. మిగిలిన 12 చోట్ల మనుషులే వేరు. పాత కుటుంబం ఖాళీ చేసి వెళ్లింది, ఎన్యూమరేటర్ ఆ చిరునామాలో ఉన్న కొత్తవాళ్లను అడిగి వచ్చారు. నిబంధనల పుస్తకంలో "అదే ఇంటికి వెళ్లాలి" అని రాసి ఉంది, ఆయన అదే చేశారు. ఆ వాక్యం ఇప్పుడు "అవే మనుషుల దగ్గరికి వెళ్లాలి" అని ఉంది.

మార్చిన పద్ధతి:

1. విడత 1 జాబితా సీఎస్వీ ఫైలుగా ట్యాబ్‌లోకి ముందే ఎక్కుతుంది. పేరు, లింగం, పుట్టిన ఏడాది, బంధుత్వం కనిపిస్తాయి. సర్వే సాఫ్ట్‌వేర్లు సీఎస్‌ప్రో, ఓడీకే, సర్వే సొల్యూషన్స్ మూడింటిలోనూ పాత జాబితాను ముందే ఎక్కించే ఏర్పాటు ఉంది, ఫైలు రకం మాత్రం దేనిది దానికే.
2. ఒక్కో పేరుకు నాలుగు ఎంపికలు: ఇక్కడే ఉన్నారు, వేరే చోటికి వెళ్లారు, చనిపోయారు, పోయినసారి పొరపాటున చేర్చారు. నాలుగోది తప్పనిసరి. అది లేకపోతే లెక్కలో లేని మనిషిని "వెళ్లారు" అని గుర్తిస్తారు, లేని వలస పుడుతుంది.
3. పాత పేర్లన్నీ అయ్యాకే కొత్తవాళ్లు. కొత్త నంబరు ఆ ఇంట్లో ఇప్పటిదాకా వాడిన పెద్ద నంబరు తర్వాతిది. చనిపోయినవారి నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వకూడదు.
4. వయసు అడగడం మానేసి పుట్టిన ఏడాది అడగాలి. వయసు అడిగితే 30, 35, 40 దగ్గర కుప్ప పడుతుంది.
5. పాత జవాబుకు రెండేళ్లకు మించి తేడా వస్తే ట్యాబ్ అక్కడే ఆపి అడుగుతుంది. సరిచేసిన విలువతో పాటు పాతదీ ఫైలులో ఉండాలి.
6. ఇంటి నంబరు చివర, మిగతా అంకెల నుంచి లెక్కకట్టిన తనిఖీ అంకె ఒకటి. లూన్ పద్ధతి కన్నా వెర్‌హాఫ్ పద్ధతి మేలు. ఒక అంకె తప్పుపడితే రెండూ పట్టుకుంటాయి. పక్కపక్క అంకెలు తారుమారైనప్పుడు లూన్ 09ని, 90ని ఒకటిగానే చూస్తుంది, వెర్‌హాఫ్ అలా వదలదు.
7. కలిపి చూసే ప్రోగ్రాం ప్రతి రాత్రీ నడవాలి. విడత ముగిశాక నడిపితే సరిచేయడానికి మళ్లీ ఆ ఇంటికి వెళ్లే వీలుండదు.

ఈ ఏడింటిలో ఒక్కటే చేయగలిగితే మొదటిది చేయండి.

దశ 3: ఎవరి వెంట వెళ్లాలి

ఇల్లు కాలంతో పాటు నిలబడేది కాదు. చీలుతుంది, కలుస్తుంది, కొన్నిసార్లు ఎవరూ మిగలరు. రెండు విడతల తర్వాత "ఇది అదే ఇల్లా?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. అందుకే ప్యానెల్‌లో వెంటాడాల్సింది మనిషినే. ఇల్లు ఆ మనిషికి ఆ విడతలో ఉన్న ఒక లక్షణం. పీఎస్ఐడీ కానీ, 1991లో సుమారు 5,500 ఇళ్లతో మొదలైన బ్రిటిష్ హౌస్‌హోల్డ్ ప్యానెల్ కానీ ఈ సూత్రం మీదే నడిచాయి.

ఇక్కడ రాసుకున్న నిబంధనలు:

1. విడత 1లో ఇంట్లో ఉన్నవాళ్లంతా మూల సభ్యులు. ఎక్కడికి వెళ్లినా వెంట వెళ్లాలి.
2. మూల సభ్యులకు పుట్టిన పిల్లలు కూడా మూల సభ్యులే.
3. తర్వాత వచ్చి చేరినవాళ్లు తాత్కాలిక సభ్యులు. మూల సభ్యుడితో కలిసి ఉన్నంతకాలం అడగాలి, విడిపోతే వదిలేయాలి.
4. ఇల్లు చీలితే కొత్త ఇంటికి కొత్త నంబరు, "ఏ ఇంటి నుంచి చీలింది" అనే వేరే గడి. మనిషి నంబరు మాత్రం మారదు.
5. ఆసుపత్రి, హాస్టల్ లాంటి చోట ఉన్న మూల సభ్యుడు ప్యానెల్‌లోనే ఉన్నట్టు. ఆ విడతకు "అడగలేదు" అని గుర్తు పెట్టాలి, పేరు కొట్టేయకూడదు.

మూడో నిబంధన మొదట్లో లేదు. అది లేకపోతే విడిపోయిన ప్రతి తాత్కాలిక సభ్యుడి వెంటా పడాలి, వారి కొత్త ఇళ్లవాళ్లందరూ జాబితాలోకి వస్తారు. వెతికే ఖర్చు పెరుగుతుంది, వాళ్లకు సరైన వెయిట్ (ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి లెక్కో చెప్పే అంకె) కూడా ఉండదు.

ఆచూకీ కోసం విడత 1 చివరలోనే అడిగి పెట్టుకోవాల్సినవి: రెండు ఫోన్ నంబర్లు, ఈ ఇంట్లో ఉండకుండా ఈ కుటుంబం ఎక్కడున్నా తెలిసి ఉండే ఇద్దరి పేర్లు, వచ్చే ఆరు నెలల్లో ఇల్లు మారే ఆలోచన ఉందా. మూడోది చిన్న ప్రశ్నే కానీ తర్వాత వెయిట్ల మోడల్‌లో బాగా పనికొస్తుంది. ఈ వివరాలన్నీ జవాబుల ఫైలులో ఉండకూడదు. తాళం వేసిన వేరే ఫైలులో, ఇంటి నంబరు ఒక్కటే లంకెగా ఉండాలి.

దశ 4: విడత 2, ఎక్కడ జారిపోయారు

1,200లో 1,056 ఇళ్లు వచ్చాయి. మిగతా 144 ఎందుకు రాలేదన్నది ఒకే గడిలో "స్పందన లేదు" అని రాస్తే తర్వాత చేయగలిగేది ఏమీ లేదు. విడదీస్తే:

ఆచూకీ దొరకనివి: 58
వద్దన్నవి: 41
ఇల్లు తెలిసినా మనిషి దొరకనివి: 27
అందరూ చనిపోవడమో సర్వే పరిధి దాటి వెళ్లిపోవడమో జరిగినవి: 18

చివరి 18 జారిపోయినట్టు కాదు. సర్వే ఎవరి గురించో ఆ జనాభాలోనే వాళ్లు ఇప్పుడు లేరు. వాళ్లను హారం నుంచి తీసేస్తే నిలిచినవారు 1,056 ÷ 1,182 = 89.3 శాతం. 88 అని రాసినా 89.3 అని రాసినా తేడా చిన్నదే అనిపిస్తుంది. వయసు మళ్లినవాళ్లు ఎక్కువున్న ప్యానెల్‌లో మాత్రం మరణాలను జారిపోవడంగా వేస్తే, వృద్ధులకు సర్వే మీద విసుగు ఎక్కువని తప్పుడు నిర్ణయానికి వస్తారు.

మూడు కారణాలకూ మందు వేరు. ఆచూకీ లేనివాళ్లకు కావాల్సింది విడతల మధ్య పలకరింపు. మూడు నెలలకోసారి ఒక ఫోనో కార్డో చాలు, నంబరు మారిందని అప్పుడే తెలుస్తుంది. మనిషి దొరకని ఇళ్లకు వేళ మార్చాలి. ఆరుసార్లు వెళ్లినా ఆరూ పగటిపూటే అయితే ఒకసారి వెళ్లినట్టే, సాయంత్రమూ సెలవు రోజూ కలవాలి. వద్దన్నవాళ్లలో "ఇప్పుడు తీరిక లేదు" అన్నవారిని, "ఇక రావద్దు" అన్నవారిని వేర్వేరు కోడ్‌లతో రాయాలి. మొదటి రకానికి కొన్ని వారాల తర్వాత వేరే ఎన్యూమరేటర్‌ను పంపాలి. రెండో రకాన్ని పూర్తిగా వదిలేయాలి.

కానుక విషయంలో మార్చింది ఒకటే. జవాబులయ్యాక ఇచ్చేదాన్ని వెళ్లగానే, ఏ షరతూ లేకుండా ముందే ఇవ్వడం. ముందుగా ఇచ్చినది చిన్నదైనా, తర్వాత ఇస్తామన్న పెద్దదానికన్నా బాగా పనిచేస్తుందని సర్వే పరిశోధనల్లో పదేపదే తేలింది.

విడత 2లో లేనివాళ్ల దగ్గరికి విడత 3లో మళ్లీ ఎన్యూమరేటర్‌ను పంపాలా? పంపాలి, కానీ ఒక్కసారే. 126లో గట్టిగా వద్దన్న 15 తీసేసి 111 ఇళ్లకు వెళితే 37 తిరిగి వచ్చాయి.

నడుస్తున్న లెక్క: వరుసగా మూడు విడతలూ ఉన్నవి 993. మధ్యలో ఒకటి తప్పి తిరిగొచ్చినవి 37. విడత 3 మొత్తం 1,030. ఈ రెండు రకాలనూ ఫైలులో వేర్వేరుగా గుర్తించకపోతే వెయిట్లు వేసేటప్పుడు కలిసిపోతాయి.

దశ 5: అతుకు దగ్గర కుప్ప

విడత 1 ఒకటో నెల నుంచి ఆరో నెల దాకా, విడత 2 ఏడు నుంచి పన్నెండు దాకా నెలవారీగా పని వివరాలు అడిగింది. పన్నెండు నెలల మధ్య పదకొండు కీళ్లు. వాటిలో పది ఒకే ఇంటర్వ్యూలో లోపల ఉన్నవి, ఒకటే రెండు ఇంటర్వ్యూలను కలిపే అతుకు. ఉన్న 220 పని మార్పులు సమానంగా పరుచుకుంటే కీలుకు 20 ఉండాలి. అతుకు దగ్గర 80 ఉన్నాయి, మిగిలిన పదింటిలో సగటున 14.

ఆరో నెల ముగిసి ఏడో నెల మొదలయ్యేసరికి జనం మూకుమ్మడిగా ఉద్యోగాలు మారలేదు. ఒక ఇంటర్వ్యూలో మనిషి ఇప్పటి పరిస్థితిని వెనక నెలలన్నిటికీ పులిమేస్తాడు, అందుకే లోపల మార్పులు తగ్గుతాయి. రెండో ఇంటర్వ్యూలో అదే పనిని వేరే మాటల్లో చెబుతాడు, ఎన్యూమరేటర్ వేరే కోడ్ వేస్తారు, అందుకే అతుకు దగ్గర పెరుగుతాయి. అమెరికాలో నాలుగేసి నెలల వ్యవధితో నడిచిన సిప్ అనే ఆదాయ సర్వేలో ఈ కుప్ప గురించి చాలా పరిశోధన జరిగింది. 2014లో ఆ సర్వే ఏటా ఒకసారి అడిగేలా, సంఘటనల క్యాలెండర్‌తో మారింది.

కోడ్ తప్పులు ఎంత చేటు చేస్తాయో ఒక లెక్క. ప్రతి విడతలోనూ 97 శాతం మందికి సరైన కోడ్ పడుతోంది అనుకోండి. ఏ ఒక్క సర్వేకైనా ఇది గొప్ప నాణ్యతే. ఎవరూ పని మారకపోయినా రెండు విడతలను కలిపితే 2 × 0.97 × 0.03 = 5.8 శాతం మంది మారినట్టు కనిపిస్తారు. 1,000 మందిలో 58. నిజంగా మారినవాళ్లు 40 మందే అయితే, మార్పుల పట్టికలో సగానికి పైగా బూటకమే. వృత్తి కోడ్‌లకు ఇది ఇంకా ఘోరం, ఎందుకంటే అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణ ఐస్కో-08లో నాలుగంకెల వర్గాలు 436 ఉన్నాయి.

విడత 3లో ఇళ్లను లాటరీతో సగం సగం చేసి రెండు పద్ధతులు పోల్చాం. సగానికి పాత పద్ధతి. మిగతా సగానికి పాత జవాబు ముందుపెట్టి అడగడం: "పోయినసారి వచ్చినప్పుడు మీరు లారీ నడుపుతున్నానని చెప్పారు. ఇప్పటికీ అదే పనా?" అవునంటే పాత కోడే కొనసాగుతుంది. కాదంటే ఎప్పుడు మారిందో నెల అడుగుతుంది.

పాత పద్ధతి సగం: మార్పులు 110, అతుకు దగ్గర 40.
కొత్త పద్ధతి సగం: మార్పులు 88, అతుకు దగ్గర 12. సమానంగా ఉంటే 8 ఉండాలి.

విడత 4 నుంచి అందరికీ కొత్త పద్ధతే. దీనికీ ఒక చేటు ఉంది. అవునంటే తొందరగా అయిపోతుందని తెలిస్తే నిజంగా మారినవాళ్లు కూడా అవునంటారు. అందుకని పని, యజమాని లాంటి స్థిరమైన వాటికే పాత జవాబు ముందు చూపాలి. ఆదాయానికి చూపకూడదు. ముందు మామూలుగా అడిగి, పాతదానికీ కొత్తదానికీ బాగా తేడా ఉంటేనే "పోయినసారికన్నా చాలా ఎక్కువ చెప్పారు, ఏమైనా మారిందా?" అని అడగాలి.

ఇంకొక నిబంధన ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఒకరి పాత జవాబు ఇంట్లో ఇంకొకరికి వినిపించకూడదు. భార్య తన పొదుపు సంగతి ఒంటరిగా చెప్పి ఉండవచ్చు. పాత జవాబు తెరమీదికి వచ్చేముందు "మాట్లాడుతున్నది ఆ మనిషేనా, పక్కన ఎవరైనా ఉన్నారా" అన్న రెండు గడులు నిండాలి. ఎవరైనా ఉంటే ట్యాబ్ పాత పద్ధతికే వెళుతుంది. మొదటి విడతలో తీసుకున్న సమ్మతి పత్రంలో "మీ జవాబులు తర్వాతి విడతలో మీకే గుర్తుచేస్తాం" అన్న వాక్యం లేకపోతే ఈ పద్ధతి వాడే హక్కు లేదు.

దశ 6: విడత 3, అలవాటు పడిన జవాబులు

మూడోసారికి జనం ప్రశ్నావళిని నేర్చేసుకుంటారు. "ఇంకో పని కూడా చేస్తున్నారా?" అంటే అవునని చెబితే తొమ్మిది ప్రశ్నలొస్తాయని తెలుసు, కాదంటారు. రెండో పని చేసేవాళ్లు విడతవిడతకూ తగ్గితే అది పని మార్కెట్టా, విసుగా అన్నది ప్యానెల్ లోపలినుంచి తేలదు.

తేల్చడానికి విడత 3లో 200 కొత్త ఇళ్లు కలిపాం. అదే నెల, అదే ప్రశ్నలు. మొదటిసారి అడుగుతున్నవాళ్ల జవాబుకూ మూడోసారి చెబుతున్నవాళ్ల జవాబుకూ తేడా చూడాలి. జారిపోయినవాళ్ల ప్రభావం అందులో కలవకుండా వెయిట్లు వేశాకే పోల్చాలి. ప్రశ్నల వరుసా మార్చాం. ముందు అవును-కాదు ప్రశ్నలన్నీ ఒకేచోట, వివరాలు తర్వాత. దేనికి అవునంటే ఏం పెరుగుతుందో అప్పటికి తెలియదు కాబట్టి అవునులు ఎక్కువ వస్తాయి.

కొత్త ఇళ్లతో ఇంకో లాభం, విడత 1 తర్వాత జనాభాలోకి వచ్చినవాళ్లు కూడా దొరుకుతారు. 1984లో పశ్చిమ జర్మనీలో మొదలైన సోషియో-ఎకనామిక్ ప్యానెల్ 1990లో తూర్పు జర్మనీ ఇళ్లను విడి శాంపిల్‌గా చేర్చుకుంది. పాత ప్యానెల్‌ను ఎంత జాగ్రత్తగా నడిపినా ఆ ఇళ్లు దానంతట అవి వచ్చేవి కావు.

ప్రశ్న మాటలు మార్చాలన్న ఒత్తిడి ప్రతి విడతకూ వస్తుంది. పాత ప్రశ్న బాగాలేకపోయినా మార్చకూడదు. మార్చక తప్పకపోతే ఒక విడతలో సగం మందికి పాతది, సగానికి కొత్తది ఇచ్చి తేడా కొలవాలి. ముఖాముఖి నుంచి ఫోన్‌కు మారడానికీ ఇదే నియమం.

దశ 7: వెయిట్లు

ఫైలుకు ఒకే వెయిట్ సరిపోదు. కనీసం రెండు కావాలి. ఒకటి నాలుగు విడతలూ ఉన్నవారికి, మార్పు లెక్కలకు. రెండోది ఆ విడతలో ఉన్న అందరికీ, ఆ కాలపు చిత్రానికి.

1. మూల వెయిట్: ఎంపికయ్యే అవకాశానికి విలోమం, విడత 1 స్పందనకు సవరించినది.
2. ప్రతి ఎడానికీ ఒక లాజిస్టిక్ మోడల్: ముందు విడత సమాచారంతో ఈ విడతలో నిలిచే అవకాశం. పనికొచ్చిన గడులు: అద్దె ఇల్లా, ఒంటరి మనిషా, ఇల్లు మారే ఆలోచన, పోయినసారి ఆదాయం చెప్పకుండా దాటవేశారా, ఎన్యూమరేటర్ మారారా.
3. మూల వెయిట్‌ను ఆ అవకాశంతో భాగించాలి. మోడల్ విడతకొకటి, వెయిట్లు గుణకాలుగా పేరుకుంటాయి.
4. వెయిట్లు మరీ పెరిగితే పైన కత్తిరించాలి. ఎక్కడ కత్తిరించారో రాసిపెట్టాలి.

నడుస్తున్న లెక్క: 953 ఇళ్లు. వెయిట్ల చెదురు (విచలన గుణకపు వర్గం) 0.25 అయితే 953 ÷ 1.25 = 762. క్లస్టర్ల 1.43తో మళ్లీ భాగిస్తే 533. దశ 1లో 670 అనుకున్నది ఇక్కడికి దిగింది. అప్పుడు వెయిట్ల నష్టాన్ని లెక్కలో పెట్టలేదు. కొత్తగా మొదలుపెట్టేవారు మొదటే 1.25 వేసుకోండి.

మూల సభ్యురాలు పెళ్లై బయటి మనిషితో కొత్త ఇల్లు పెట్టింది. ఆమె వెయిట్ 200, అతనిది సున్నా. ఆ ఇంటికి ఆ విడత వెయిట్ (200 + 0) ÷ 2 = 100. ఇద్దరికీ 200 ఇస్తే పొరపాటు, ఎందుకంటే అతని పాత ఇంటి ద్వారా కూడా ఈ జంట శాంపిల్‌లోకి రాగలిగేది. మార్పు లెక్కలకు ఆమె 200, అతను సున్నా.

జారిపోవడం ఎక్కువైతే ప్యానెల్ పనికిరాదా? పీఎస్ఐడీలో 1968 నుంచి 1989 దాకా దాదాపు సగం శాంపిల్ జారిపోయింది. అయినా ముఖ్యమైన ఆదాయ సగటులు పెద్దగా వంకర పోలేదని పరిశీలనలో తేలింది. శాతం ఒక్కటీ చూసి భయపడనక్కర్లేదు, తక్కువ ఉందని ధీమా పడనూ కూడదు. విడత 1 ఆదాయాన్ని నిలిచినవారికీ వెళ్లినవారికీ విడిగా వేసి చూడండి, అసలు సంగతి అక్కడుంటుంది.

దశ 8: విశ్లేషణ

ఫైలు నిలువుగా ఉండాలి: ఒక మనిషి, ఒక విడత, ఒక వరుస. స్టాటా సాఫ్ట్‌వేర్‌లో మనిషి నంబరు, విడత రెండూ చెప్పి ఎక్స్‌టీసెట్ ఆదేశం ఇవ్వగానే, ఒకే మనిషికి ఒకే విడత రెండుసార్లు ఉంటే ఆగిపోతుంది. ఆ తనిఖీ దాటకుండా ఒక్క పట్టికా వేయొద్దు. ఆర్ సాఫ్ట్‌వేర్ వాడేవారు కూడా ఈ తనిఖీ తప్పక పెట్టుకోవాలి.

మార్పు అంకెలో నమ్మదగిన పాలెంతో ముందు చూడాలి. ఆదాయ ప్రశ్న విశ్వసనీయత 0.8, రెండు విడతల సహసంబంధం 0.6 అయితే, తేడా విశ్వసనీయత (0.8 − 0.6) ÷ (1 − 0.6) = 0.5. సగం సంకేతం, సగం రొద. సహసంబంధం 0.7కి పెరిగితే 0.33. దశ 1లో శాంపిల్ ఖర్చు తగ్గించిన సహసంబంధమే ఇక్కడ మార్పును మసకబారుస్తోంది. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ మోడల్ మనిషి లోపలి తేడాల మీదే నడుస్తుంది కాబట్టి వివరణ చరంలో ఈ రొద ఉంటే గుణకం సున్నావైపు లాగుతుంది. గుణకం చిన్నదిగా వచ్చిందంటే ప్రభావం లేదని వెంటనే రాయకండి, ముందు ఆ చరం విశ్వసనీయత కొలవండి.

విడత 1లో అట్టడుగు అయిదో వంతు విడత 2లో పైకి వస్తుంది, పై అయిదో వంతు కిందికి వస్తుంది. ఇందులో చాలా భాగం ఆ నెల జవాబులోని ఒడిదుడుకే. వర్గాలను విడత 1 ఆదాయంతో కాక విడత 1, 2 సగటుతో చేసి, మార్పును 3 నుంచి 4కి కొలిస్తే ఈ బూటకపు ఎదుగుదల చాలావరకు పోతుంది. ప్రామాణిక దోషాలు మనిషి స్థాయిలో కాదు, క్లస్టర్ స్థాయిలో వేయాలి. ఇల్లు మారినవాళ్లకు విడత 1 క్లస్టరే.

మొదట అనుకున్న నాలుగు విడతల తర్వాత ఇంకొకటి చేస్తే, ఆ విడత 5కి ట్యాబ్‌లోకి ఎక్కే జాబితా: నాలుగు విడతలూ ఉన్న 953 ఇళ్లు, తిరిగొచ్చినవాటిలో విడత 4లో దొరికినవి, విడత 3లో చేరిన కొత్త ఇళ్లు, విడత 4లో మొదటిసారి తప్పినవి. రెండు విడతలు వరుసగా లేనివి, ఇక రావద్దన్నవి ఈ జాబితాలో ఉండవు. ప్రతి ఇంటి పక్కనా మనుషుల నంబర్లు, ఇప్పటిదాకా వాడిన పెద్ద నంబరు, అతుకు ప్రయోగంలో ఏ సగమో ఉన్నాయి. రెండో పని ప్రశ్నకు కొత్త ఇళ్లతో పోలిక ఇంకా నడుస్తోంది. అది తేలేదాకా ఆ ప్రశ్న మార్పు పట్టికలు ఎవరికీ ఇవ్వడం లేదు.